రిసార్టు నుంచి తెచ్చిన పాత 400 ఏటీవీ: పొగ, తుప్పు, ఇంజిన్ పని

తుప్పుబండి · విజయనగరం · సెప్టెంబరు 8

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ ఆర్ఎక్స్100 చర్చలు చదువుకుంటూ కాలం గడిపాను. ఇప్పుడు నాకే సాయం కావాల్సి వచ్చింది.

భీమిలి వైపు బీచ్ పక్కన ఒక రిసార్టు మూతపడింది. సామాన్లు అమ్ముతున్నారంటే ఏసీ చూద్దామని మా బావతో వెళ్లాను. ఏసీ కొనలేదు, ఏటీవీ అని ఇసుకలో, మట్టిలో తిప్పే నాలుగు చక్రాల బండి కొనుక్కొచ్చాను. ఇంట్లో ఆ కోపం ఇంకా చల్లారలేదు. ట్రాలీ ఆటోలో వేసి తెచ్చి, కంటోన్మెంట్‌లో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టాను.

బండి కవాసకీ కేఎఫ్ఎక్స్400. ఆకుపచ్చ ప్లాస్టిక్కులు సగం ఎండకి తెల్లబడిపోయాయి. ఛాసిస్ నంబరులో పదో అక్షరం 4, అంటే 2004 మోడల్ అని నెట్‌లో చూశాను. ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఎలాగోలా స్టార్ట్ అవుతుంది. ఒకసారి వేడెక్కాక ఆపితే ఇక అంతే, గంట ఆగాలి. సైలెన్సర్ నుంచి నీలం పొగ. వెనక చక్రం పట్టుకుని ఊపితే టకటకమంటోంది. ఎయిర్ ఫిల్టర్ స్పాంజి ముట్టుకుంటే రవ్వలడ్డూలా పొడి అయిపోయింది.

ఒక బోరింగ్ షాపులో చూపిస్తే, "50 ఓవర్‌సైజ్ కొట్టేద్దాం, పిస్టన్ ఏదో ఒకటి సెట్ చేద్దాం" అన్నారు. అంటే సిలిండర్ లోపలి రంధ్రాన్ని అర మిల్లీమీటరు పెద్దది చేయడం. ఎల్లుండి సిలిండర్ ఊడదీసి ఇద్దామనుకుంటున్నాను. ముందు ఏం చూసుకోవాలి?

ఆర్ఎక్స్_పిచ్చోడు · చీపురుపల్లి · సెప్టెంబరు 8

అన్నా సూపర్!! ఫొటోలు పెట్టు. ఎలాగూ విప్పుతున్నావు కాబట్టి 94 ఎంఎం బిగ్ బోర్ పెట్టించెయ్. కంపెనీ నుంచి స్టాక్‌గా వచ్చేది 90 బోర్ (సిలిండర్ వెడల్పు), 62.6 స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం), 398 సీసీ. 94 చేస్తే 434 అవుతుంది. ఫుల్ సిస్టమ్ సైలెన్సర్, ముందు ఎల్ఈడీ బార్. విజయనగరం షేక్ అయిపోవాలి.

ఉద్దానం_వాసి · కవిటి · సెప్టెంబరు 8

విజయనగరం షేక్ అయ్యే ముందు కాగితాలు ఉన్నాయా చూసుకో బాబూ. ఇది దిగుమతి బండి. కస్టమ్స్ కట్టిన కాగితం, రిసార్టు వాళ్లు రాసిచ్చిన అమ్మకం రసీదు, రెండూ దాచుకో. రిజిస్ట్రేషన్ లేని బండితో రోడ్డెక్కకు. కోట జంక్షన్ దాకా ఒక్క రౌండే కదా అనుకున్నావో, అక్కడే ఆపేస్తారు.

తుప్పుబండి · విజయనగరం · సెప్టెంబరు 9

కాగితాలు రెండూ తీసుకున్నాను. రోడ్డు మీద నడిపే ఆలోచన లేదండీ. మా అమ్మగారి పుట్టిల్లు సోంపేట దగ్గర. మావయ్యకి అక్కడ కొబ్బరి, జీడి తోట ఉంది, అంతా ఇసుక నేల. అక్కడే పెట్టుకుని నడుపుతాను.

434 మాట వినగానే నోరూరింది, అబద్ధం ఎందుకు. రేపు ఆ షాపు ఆయన్ని అడుగుతాను.

హ్యూస్టన్_బొబ్బిలోడు · సొంతూరు బొబ్బిలి · సెప్టెంబరు 9

ఆగు తమ్ముడూ. సిలిండర్ ఎవరి చేతికీ ఇవ్వకు.

రెండు విషయాలు చెప్తాను. మొదటిది, నీది పేరుకే కవాసకీ. 2001లో సుజుకీ, కవాసకీ ఒప్పందం చేసుకుని ఒకరి బండ్లు ఒకరు తమ పేరుతో అమ్ముకున్నారు. 2003 నుంచి 2006 దాకా వచ్చిన కేఎఫ్ఎక్స్400 అంటే రంగు మార్చిన సుజుకీ క్వాడ్‌స్పోర్ట్ జడ్400. ఆర్కిటిక్ క్యాట్ వాళ్లు డీవీఎక్స్400 అని అమ్మిందీ అదే బండి. ఇంజిన్ మూలం సుజుకీ డీఆర్-జడ్400 బైకుది. కాబట్టి కవాసకీ పేరుతో వెతికి విసుగెత్తకు, జడ్400 అని వెతుకు, సామాన్లు కుప్పలుగా కనిపిస్తాయి. నేను ఇక్కడ హ్యూస్టన్‌లో అదే బండి రెండుసార్లు విప్పి బిగించాను.

రెండోది, అసలు సంగతి. ఆర్ఎక్స్100 సిలిండర్‌లో లోపల ఇనుప లైనర్, అంటే ఇనుప గొట్టం ఉంటుంది. అరిగితే 25, 50, 75, 100 అని బోరు కొట్టుకుంటూ పోవచ్చు. మన ఊళ్లో బోరింగ్ అంటే అందరికీ తెలిసిన పద్ధతి అదే. నీ బండిలో లైనర్ లేదు. అల్యూమినియం గోడ మీదే నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిపిన సన్నటి పూత ఉంటుంది. మందం వెంట్రుక అంత. బోరింగ్ టూలు పెడితే ఆ పూత మొత్తం లేచిపోయి మెత్తటి అల్యూమినియం బయటపడుతుంది. దాంట్లో రింగులు ఎన్నాళ్లు నడుస్తాయో నువ్వే ఊహించుకో.

లేత్_మావయ్య · నెల్లిమర్ల · సెప్టెంబరు 9

నేను 30 ఏళ్లకు పైగా లేత్ మీద ఉన్నాను. పూత సిలిండర్లు మన దగ్గరికి తక్కువ వస్తాయి, అందుకే బోరింగ్ ఆయన అలా అని ఉంటాడు, ఆయన్ని తప్పు పట్టకండి. అల్యూమినియం సిలిండర్ చూడగానే లోపల లైనర్ అంచు గీత కనిపిస్తుందా అని పైనుంచి చూడాలి. గుండ్రంగా వేరే లోహం అంచు ఉంటే లైనర్ ఉన్నట్టు. లేకపోతే పూత. కనిపించని మూల, కింద స్కర్ట్ దగ్గర, చిన్న ఆకురాయి అంచు ఆనించి చూడండి. ఇనుమైతే గీత పడుతుంది, పూతైతే జారిపోతుంది.

ఇంకోటి. పొగ వచ్చిందని ఇంజిన్ విప్పేయకండి. ముందు ఎక్కడ పోయిందో తెలుసుకోవాలి కదా.

తుప్పుబండి · విజయనగరం · సెప్టెంబరు 9

నిజంగా చెయ్యి ఆగిపోయింది. ఇంకో రోజు ఆలస్యమైతే ఇచ్చేసేవాణ్ణి.

మావయ్యగారూ, విప్పకుండా ఎలా తెలుస్తుంది? కంప్రెషన్ గేజ్ పెట్టి చూడనా?

హ్యూస్టన్_బొబ్బిలోడు · సెప్టెంబరు 10

కంప్రెషన్ గేజ్ నిన్ను మోసం చేస్తుంది. ఈ ఇంజిన్‌లో స్టార్టర్ తేలిగ్గా తిరగడానికి వాల్వులు తెరిచే క్యామ్ మీద ఆటో డీకంప్రెషన్ ఉంటుంది. తక్కువ వేగంలో అది ఎగ్జాస్ట్ వాల్వుని కాస్త ఎత్తి పెడుతుంది. అందుకని మంచి ఇంజిన్‌కి కూడా రీడింగ్ తక్కువే చూపిస్తుంది. గాలి పెట్టి చూడు.

పాత స్పార్క్ ప్లగ్ ఒకటి తీసుకుని పింగాణీ పగలగొట్టి, ఖాళీ బాడీకి గాలి పైపు నిపుల్ వెల్డింగ్ చేయించు. పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోక్‌లో పై డెడ్ సెంటర్‌కి, అంటే పూర్తిగా పైకి తీసుకురా, నాలుగు వాల్వులూ మూసి ఉండాలి. తర్వాత కంప్రెసర్ గాలి మెల్లగా వదులు. క్రాంక్ తిరిగే ప్రమాదం ఉంది, దాని మీద పానా పెట్టి వదిలేయకు, ఎగిరి ముఖానికి తగులుతుంది. ఇక చెవి పెట్టి విను. సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు. కార్బొరేటర్‌లో వస్తే ఇన్‌టేక్ వాల్వు. ఇంజిన్ అడుగు నుంచి గాలి వదిలే బ్రీదర్ పైపులో వస్తే రింగులు. రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్.

తుప్పుబండి · విజయనగరం · సెప్టెంబరు 14

గంటస్తంభం దగ్గర వెల్డింగ్ చేసే కుర్రాడు ప్లగ్‌కి నిపుల్ అతికిస్తూ, "ఏటన్నా, ప్లగ్గుకి సెలైన్ ఎక్కిస్తావా" అన్నాడు.

పెట్టి చూశాను. బ్రీదర్ పైపులో సైకిల్ ట్యూబు పంక్చరైనట్టు గాలి. కార్బొరేటర్‌లో కూడా సన్నగా వినిపించింది. సైలెన్సర్, రేడియేటర్ నిశ్శబ్దం. రేడియేటర్‌లో ఉన్నది కూలెంట్ కాదు, తెల్లగా గడ్డ కట్టిన బోరు నీళ్లు.

ఇక విప్పడమే.

ఆర్ఎక్స్_పిచ్చోడు · సెప్టెంబరు 14

రింగులు పోయాయి అన్నమాట. 434!

లేత్_మావయ్య · సెప్టెంబరు 15

బాబూ, నీకు నంబర్ల పిచ్చి ముదిరింది.

తుప్పుబండి · విజయనగరం · సెప్టెంబరు 22

వారం పట్టింది విప్పడానికి. ఉప్పుగాలి దెబ్బకి బోల్టులు అల్యూమినియంలో కరుచుకుపోయాయి. డీజిల్ పోసి రెండు రోజులు నానబెట్టాను, కదల్లేదు. ఈ వేదికలోనే పాత చర్చలో చదివిన చిట్కా పనిచేసింది: బోల్టు చుట్టూ బ్లో ల్యాంపుతో వేడి చేసి, కొవ్వొత్తి ఆనిస్తే మైనం కరిగి మరల్లోకి దిగుతుంది. వెనక్కి, ముందుకి కొంచెం కొంచెం ఆడిస్తూ తీశాను. ఒకటి మాత్రం విరిగింది.

సిలిండర్ బయటికి వచ్చింది. గోడ మీద నిలువు గీతలు. వేలిగోరు పెడితే మూడు చోట్ల ఆగుతోంది. ఇన్‌టేక్ వైపు చిన్న రూపాయి బిళ్లంత మేర రంగు వేరేగా, తెల్లగా మెరుస్తోంది. పిస్టన్ స్కర్ట్ గరుకు కాగితంతో రుద్దినట్టుంది.

గోడ మీద అతుక్కున్న అల్యూమినియం యాసిడ్ పెడితే పోతుందని ఒక వీడియోలో చూశాను. నిజమేనా?

హ్యూస్టన్_బొబ్బిలోడు · సెప్టెంబరు 22

నిజమే కానీ నీకు కాదు. పిస్టన్ పట్టేసినప్పుడు దాని అల్యూమినియం పూత మీద పూసుకుపోతుంది. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ దూదితో అద్దితే అది బుసబుస పొంగి కరిగిపోతుంది, పూతకి ఏం కాదు. కానీ పూత లేచిపోయిన చోట యాసిడ్ తగిలితే సిలిండర్‌నే తినేస్తుంది. నీ తెల్ల మచ్చ గోటికి గుంటలా తగిలితే అక్కడ పూత పోయినట్టే.

తుప్పుబండి · సెప్టెంబరు 22

గుంటలానే ఉంది.

హ్యూస్టన్_బొబ్బిలోడు · సెప్టెంబరు 22

అయితే సిలిండర్ పోయింది. కారణం నీ మొదటి పోస్టులోనే ఉంది, రవ్వలడ్డూ. ఆ స్పాంజి ఫిల్టర్ కడిగి ఆరబెట్టి పెట్టేస్తే చాలదు, ఫిల్టర్ ఆయిల్ పట్టించి పిండి పెట్టాలి. ఆ జిగురుకే దుమ్ము అంటుకునేది. పొడి స్పాంజి ఇసుకని ఆపదు. బీచ్ దగ్గర రోజంతా టూరిస్టులు తిప్పిన బండి. సన్న ఇసుక లోపలికి వెళ్లి రింగులకీ గోడకీ మధ్య గరుకు కాగితంలా పనిచేసింది. ఇన్‌టేక్ వాల్వుల సీట్లూ అలాగే అరిగి ఉంటాయి. టాపెట్ గ్యాప్, అంటే క్యామ్‌కీ వాల్వుకీ మధ్య వదిలే సందు, కొలిచావా?

తుప్పుబండి · విజయనగరం · సెప్టెంబరు 23

హెడ్ విప్పే ముందే కొలిచి రాసుకున్నాను. ఎగ్జాస్ట్ రెండూ 0.22 ఎంఎం. ఇన్‌టేక్ ఒకటి 0.05, ఇంకోదాంట్లో నా దగ్గరున్న సన్నటి ఫీలర్ గేజ్ కూడా దూరలేదు.

హ్యూస్టన్_బొబ్బిలోడు · సెప్టెంబరు 23

అదిగో, వేడెక్కితే స్టార్ట్ కాకపోవడానికి కారణం. చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ 0.10 నుంచి 0.20, ఎగ్జాస్ట్ 0.20 నుంచి 0.30 ఉండాలి. నీ ఇన్‌టేక్ వాల్వు వేడికి సాగి పూర్తిగా మూసుకోవడం లేదు.

స్క్రూ తిప్పి సర్దే టాపెట్ కాదు ఇది. బకెట్ కింద బిళ్ల ఉంటుంది, దాన్ని మార్చాలి. లెక్క సులభం. ఉన్న బిళ్ల 2.90 అనుకో, గ్యాప్ 0.05, కావాల్సింది 0.15. అంటే 0.10 పలచటి బిళ్ల, 2.80. కానీ ముందు వాల్వులు సీట్లలో కూర్చోబెట్టాక కొలవాలి, ఇప్పుడు కొని ప్రయోజనం లేదు. బిళ్లని రాయి మీద అరగదీసే ఐడియా ఎవరైనా ఇస్తే వినకు, పైన గట్టిపొర పోతుంది.

లేత్_మావయ్య · నెల్లిమర్ల · సెప్టెంబరు 24

సిలిండర్ సంగతి ఆలోచించాను. లైనర్‌లాంటి ఇనుప స్లీవ్ లేత్ మీద తిప్పి వేయగలను. సిలిండర్‌ని పొయ్యిలో వేడి చేస్తే రంధ్రం వ్యాకోచిస్తుంది, చల్లని స్లీవ్ అందులోకి జారుతుంది, చల్లారాక పట్టు బిగుస్తుంది. చెయ్యడం వచ్చు. అయినా చెయ్యమని చెప్పలేకపోతున్నాను. ఒకటి, అల్యూమినియం ఇనుము కంటే ఎక్కువ సాగుతుంది, ఇంజిన్ బాగా వేడెక్కినప్పుడు పట్టు సడలే భయం ఉంటుంది. రెండు, చుట్టూ నీటి జాకెట్ ఉంది, గోడ మందం ఎంత మిగులుతుందో కోసే దాకా తెలియదు. కోశాక వెనక్కి రాదు.

కూలి వస్తుందని ఊరుకోవచ్చు. కానీ నా చేతి పని మీ తోటలో ఆగిపోతే నాకు నిద్ర పట్టదు.

ఉద్దానం_వాసి · సెప్టెంబరు 24

కూలి వద్దనుకుని నిజం చెప్పే మనిషి మా కవిటిలో ఉంటే ఊరేగించేవాళ్లం.

హ్యూస్టన్_బొబ్బిలోడు · సెప్టెంబరు 25

ఇక్కడ యాక్సిడెంట్ అయిన జడ్400 ఒకటి పార్టులుగా అమ్ముతున్నారు. దాని సిలిండర్ చూసొస్తాను. బోర్ గేజ్‌తో మూడు ఎత్తుల్లో, రెండు దిక్కుల్లో కొలుస్తాను. పూత బాగుంటే తీసుకుంటాను. కొత్త స్టాండర్డ్ పిస్టన్, రింగులు, గ్యాస్కెట్ సెట్టు కలిపి, సంక్రాంతికి బొబ్బిలి వస్తున్న మా చెల్లెలి పెట్టెలో పెడతాను. పచ్చళ్లు ఇటు వస్తాయి, సిలిండర్లు అటు వెళ్తాయి.

ఇప్పుడే అడుగుతున్నాను, 90నా, 94నా?

ఆర్ఎక్స్_పిచ్చోడు · సెప్టెంబరు 25

94 94 94

తుప్పుబండి · విజయనగరం · సెప్టెంబరు 26

రాత్రంతా ఆలోచించాను. 94 పిస్టన్ పెట్టాలంటే సిలిండర్ పెద్దది చేసి మళ్లీ పూత వేయించాలి, లేదా తయారుగా ఉన్న కిట్ కొనాలి. కార్బొరేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే జెట్లు మార్చాలి. వేడి పెరుగుతుంది. రేపు మళ్లీ పోతే, సోంపేటలో కూర్చుని ఎవరిని అడగాలి? 90 పంపండి అన్నా.

ఆర్ఎక్స్_పిచ్చోడు · సెప్టెంబరు 26

😭 కనీసం సైలెన్సరైనా మార్చు అన్నా.

తుప్పుబండి · విజయనగరం · అక్టోబరు 19

సిరిమాను పండగ చుట్టాలతో షెడ్డు వైపు వెళ్లడానికే కుదరలేదు. పైగా వచ్చిన ప్రతి పిల్లాడూ సీటెక్కి బుర్‌ర్‌ర్ అని శబ్దం చేసి దిగాడు.

ఇంజిన్ కోసం ఎదురుచూస్తూ ఛాసిస్ మొదలుపెట్టాను. వెనక యాక్సిల్ బేరింగులు రెండూ ఎర్ర పొడి. బేరింగ్ అంచు మీద నంబరు తుడిచి చదివి షాపుకి వెళ్తే పది నిమిషాల్లో ఇచ్చాడు. ఇంతకాలం ఇది అమెరికా నుంచి రావాలనుకుంటూ కూర్చున్నాను.

లేత్_మావయ్య · అక్టోబరు 19

బేరింగ్‌కి కంపెనీ పేరుతో పని లేదు, నంబరే కులగోత్రం. 6203 అంటే ఎక్కడ కొన్నా లోపల 17, బయట 40, మందం 12. చివర 2ఆర్ఎస్ ఉన్నవే తీసుకో, రెండు వైపులా రబ్బరు సీలు ఉంటుంది. నీది ఇసుకలో తిరిగే బండి.

ముందు చక్రాలని ఫ్రేముకి పట్టి ఉంచే ఏ-ఆర్మ్‌ల బుష్‌లు అరిగి ఉంటే పాతవి పట్రా, గన్‌మెటల్‌లో తిప్పిస్తాను. గ్రీజు నిపుల్ కూడా పెడతాను.

తుప్పుబండి · విజయనగరం · నవంబరు 3

బుష్‌లు మావయ్యగారు తిప్పి ఇచ్చారు. నెల్లిమర్ల వెళ్లినప్పుడు టీ ఇచ్చారు, డబ్బులు తీసుకున్నారు, పది నిమిషాలు తిట్టారు కూడా: ఫ్రేము మీద పెయింట్ గీకకుండానే నేను వెల్డింగ్‌కి తీసుకెళ్లబోతున్నందుకు. గీకి చూస్తే కింది ఏ-ఆర్మ్ బ్రాకెట్ పక్కన సన్నటి చీలిక. పెయింట్ కింద తుప్పు గీతలాగా కనిపించింది అంతే. చిన్న సుత్తితో పైపులన్నీ తట్టుకుంటూ పోయాను. ఒక్కచోట శబ్దం డొల్లగా కాకుండా మెత్తగా వచ్చింది, అక్కడ పొడిస్తే దబ్బనం దిగిపోయింది. ఆ ముక్క కోసి కొత్త పైపు వేయించాం. ఇంజిన్, బ్యాటరీ, స్పార్క్ ఇచ్చే సీడీఐ పెట్టె అన్నీ తీసేశాకే వెల్డింగ్.

ఒకసారి తట్టి చూడండి, పాత బండి కొనేవాళ్లందరూ. సుత్తి చెప్పినంత నిజం అమ్మేవాడు చెప్పడు.

ఉద్దానం_వాసి · నవంబరు 3

చిన్న చిన్న ఇనుప సామాన్ల తుప్పుకి చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాడు. ఒక వంతు మడ్డి, తొమ్మిది వంతుల నీళ్లు, పాత డ్రమ్ములో వారం పది రోజులు నానబెడితే తుప్పు దానంతటదే వదిలేస్తుంది. వాసన భరించాలి, మూత పెట్టు. అల్యూమినియం మాత్రం అందులో వేయకు, పాడవుతుంది.

తుప్పుబండి · నవంబరు 16

డ్రమ్ము పెరట్లో పెట్టాను. పక్కింటావిడ సారా కాస్తున్నామనుకుని మా అమ్మని అడిగింది. బోల్టులు మాత్రం బూడిద రంగులో కొత్తవాటిలా వచ్చాయి.

ఆర్ఎక్స్_పిచ్చోడు · చీపురుపల్లి · నవంబరు 17

సరే, ఇంజిన్ జోలికి రాను. బయట పనులైనా అడగనివ్వండి. వెడల్పు యాక్సిల్, పొడవు ఏ-ఆర్మ్‌లు పెడితే మలుపుల్లో బోల్తా పడదు కదా? రేస్ బండ్లన్నీ అలానే ఉంటాయి.

ఉద్దానం_వాసి · కవిటి · నవంబరు 17

రేస్ ట్రాక్‌లో జీడిచెట్లుండవు బాబూ. కొబ్బరి తోటలో చెట్టుకి చెట్టుకి మధ్య లారీ కూడా పడుతుంది, బాధ లేదు. జీడి అలా కాదు. కొమ్మలు నడుము ఎత్తులో పక్కలకి పాకుతాయి. వెడల్పు పెంచితే ముందు హ్యాండిల్ తగులుతుంది, తర్వాత నీ మోకాలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి పడ్డ చెట్ల మోళ్లు మా వైపు కొన్ని తోటల్లో ఇంకా గడ్డిలో దాగి ఉన్నాయి. కింద ఇంజిన్‌కి అడ్డంగా గట్టి రేకు వేయించుకో, అదీ మోడిఫికేషన్ అంటే.

హ్యూస్టన్_బొబ్బిలోడు · నవంబరు 18

పూర్తిగా ఒప్పుకుంటాను. 4 ఎంఎం అల్యూమినియం ప్లేటు చాలు. ఇంకో ముఖ్యమైనది, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య పైపు ఫ్రేము కట్టి వల వేయించు. పాదం కిందికి జారితే వెనక చక్రం ఎక్కేస్తుంది. దీనికి అమెరికా సామాను అక్కర్లేదు, గేట్లు చేసే షాపు చాలు.

సైలెన్సర్ మార్చి, ఫిల్టర్ ఉండే ఎయిర్ బాక్స్ మూత తీసేస్తే గాలి ఎక్కువ వెళ్తుంది. మెయిన్ జెట్ పెంచకపోతే పెట్రోలు చాలక ఇంజిన్ ఉడుకుతుంది. శబ్దం పెరిగితే పవర్ పెరిగినట్టు అనిపిస్తుంది, చాలాసార్లు అనిపించడం వరకే. ఈ బండికి స్టాక్ సైలెన్సర్ బాగానే ఉంటుంది.

తుప్పుబండి · నవంబరు 18

మా మేనల్లుడికి 12 ఏళ్లు. దీని మీద వాడి కన్ను పడింది. వెనక కూర్చోబెట్టుకుని తిప్పొచ్చా?

హ్యూస్టన్_బొబ్బిలోడు · నవంబరు 18

వద్దు. సీటు పొడవుగా ఉన్నది ఇద్దరు కూర్చోడానికి కాదు, నడిపేవాడు ముందుకీ వెనక్కీ జరగడానికి. ఈ సైజు బండి మీద 16 ఏళ్ల లోపు వాళ్లు వద్దని ఇక్కడ బండికే స్టిక్కర్ అంటించి అమ్ముతారు. ఇక్కడ మూడు చక్రాల ఏటీవీలు కూడా ఉండేవి. బోల్తాలు ఎక్కువై, 1988లో కంపెనీలు కోర్టు ఒప్పందంతో వాటి అమ్మకం ఆపేశాయి. నాలుగు చక్రాలున్నంత మాత్రాన కారు కాదు ఇది.

ఉద్దానం_వాసి · నవంబరు 19

బారువ బీచ్‌కి కూడా తీసుకెళ్లకు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన శ్రీకాకుళం తీరంలో గుడ్లు పెడతాయి. చక్రం కింద ఏముందో నీకు తెలియదు. అటవీశాఖ వాళ్లు పట్టుకుంటే బండి మర్చిపోవచ్చు.

తుప్పుబండి · విజయనగరం · జనవరి 17

సిలిండర్ వచ్చింది! బొబ్బిలి వెళ్లి తెచ్చుకున్నాను. చీరల మధ్య చుట్టి పంపారు, ఎయిర్‌పోర్టులో ఇదేమిటని ఆవిడని రెండుసార్లు అడిగారట. లోపల అడ్డదిడ్డం హోనింగ్ (సానపట్టిన) గీతలు ఇంకా కనిపిస్తున్నాయి, అంటే గోడ అరగలేదు. అన్నా, ఈ రుణం ఎలా తీర్చుకోను?

హ్యూస్టన్_బొబ్బిలోడు · జనవరి 17

మా అమ్మావాళ్ల ఇంట్లో మోటారు పాడైంది, వెళ్లి చూడు. తీరిపోతుంది.

రింగు ఒక్కోటి సిలిండర్‌లో పెట్టి పిస్టన్‌తో సమంగా తోసి, చివర్ల మధ్య గ్యాప్ ఫీలర్ గేజ్‌తో కొలువు. మాన్యువల్‌లో ఉన్న కొలతకి సరిపోవాలి. హెడ్ బోల్టులు టార్క్ రెంచితో, ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించు. "చెయ్యి లెక్క" వద్దు. క్యామ్ చైన్‌ని బిగుతుగా ఉంచే ఆటో టెన్షనర్ ఈ ఇంజిన్ కుటుంబానికి పాత జబ్బు, పళ్లు అరిగి జారుతుంది. చైన్ వదులైతే వాల్వులు పిస్టన్‌కి తగులుతాయి. నేను చేత్తో సర్దే టెన్షనర్ ఒకటి పెట్టెలో వేశాను.

తుప్పుబండి · విజయనగరం · జనవరి 29

హెడ్ వాల్వులు రుద్ది కూర్చోబెట్టారు మావయ్యగారు. పెట్రోలు పోసి గంటసేపు చూశాం, చుక్క దిగలేదు. బిళ్లలు మార్చాక ఇన్‌టేక్ 0.14, 0.15. రేడియేటర్ కడిగించి మంచి కూలెంట్ పోశాను. కొత్త స్పాంజి ఫిల్టర్‌కి ఆయిల్ నా చేత్తోనే పట్టించాను.

నిన్న సాయంత్రం స్టార్ట్ చేశాం. రెండో బటన్‌కే అందుకుంది. మొదట కొంచెం తెల్లటి పొగ, అది బిగించేటప్పుడు పూసిన నూనె కాలిన పొగ. రెండు నిమిషాలకి సైలెన్సర్ దగ్గర చెయ్యి పెడితే వేడిగాలి తప్ప ఏం లేదు. వేడెక్కాక ఆపాను. ఊపిరి బిగపట్టి మళ్లీ నొక్కాను. స్టార్ట్! మా ఆవిడ మొదటిసారి షెడ్డులోకి వచ్చి చూసింది. "ఏసీ ఎప్పుడు?" అంది.

ఒక్క టెన్షన్. ఆయిల్ సరిగ్గా కొలిచే పోశాను, ఉదయం చూస్తే డిప్‌స్టిక్ మీద చాలా తక్కువ చూపిస్తోంది. ఎక్కడికి పోయింది?

హ్యూస్టన్_బొబ్బిలోడు · జనవరి 29

ఎక్కడికీ పోలేదు, ఇంకా పోయకు! ఇది డ్రై సంప్. ఆయిల్ వేరే ట్యాంకులో ఉంటుంది. రాత్రంతా నిలబెడితే కొంత ఇంజిన్ అడుగుకి దిగిపోతుంది. ఇంజిన్ కొన్ని నిమిషాలు నడిపి, ఆపి, కాసేపు ఆగి అప్పుడు చూడాలి. చల్లటి ఇంజిన్‌లో చూసి నింపేస్తే, రేపు బ్రీదర్‌లోంచి ఎయిర్ బాక్స్ నిండా కక్కుతుంది.

తుప్పుబండి · జనవరి 30

సరిగ్గా ఉంది. బతికించారు.

తుప్పుబండి · సోంపేట · ఫిబ్రవరి 15

తోటకి చేర్చాం. మొదటి ట్యాంకు పెట్రోలు నెమ్మదిగా, యాక్సిలరేటర్ ఒక్కచోట ఉంచకుండా, పెంచుతూ తగ్గిస్తూ నడిపాను. ఇంజిన్ పువ్వులా ఉంది. కానీ బండి బంతిలా ఎగురుతోంది, పైగా తిన్నగా పోనిస్తే ఎడమకి లాగుతోంది. ఏ-ఆర్మ్‌లు వంకరేమో అని తాడు కట్టి కొలిచాను, బాగానే ఉన్నాయి.

ఉద్దానం_వాసి · ఫిబ్రవరి 15

టైర్లలో గాలి ఎంత?

తుప్పుబండి · ఫిబ్రవరి 15

పంక్చర్ షాపులో పట్టించాను. బైకు లెక్కన 28 పెట్టానన్నాడు.

హ్యూస్టన్_బొబ్బిలోడు · ఫిబ్రవరి 15

28!! తమ్ముడూ, దీనికి నాలుగైదు పీఎస్ఐ చాలు. టైరే సగం షాక్ అబ్జార్బర్. ఆ షాపు గేజ్ అంత తక్కువ చూపించదు, తక్కువ ప్రెషర్ గేజ్ ఒకటి కొనుక్కో.

ఎడమకి లాగడం కూడా దాంతోనే కావచ్చు. వెనక యాక్సిల్ ఒకే కడ్డీ, కారులో లాగ డిఫరెన్షియల్ లేదు. రెండు వెనక టైర్లూ ఒక్క వేగంతోనే తిరుగుతాయి. ఒకటి చుట్టుకొలతలో పెద్దదైతే ఆ వైపు ఎక్కువ దూరం వెళ్లి బండిని రెండో వైపుకి తిప్పుతుంది. దర్జీ టేపు తీసుకుని రెండు టైర్ల చుట్టూ కొలువు.

తుప్పుబండి · సోంపేట · ఫిబ్రవరి 16

అత్తయ్య మిషను దగ్గర టేపు తెచ్చి కొలిచాను. కుడి టైరు అంగుళం పైనే పెద్దగా ఉంది. వాల్వు పిన్ను నొక్కి గాలి తీస్తున్నాను, ఇంకా అర అంగుళం తగ్గాలి.